విజయపురి శాసనాలలో సేనాపతుల పౌరపదవులు: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

వైద్యుడో న్యాయవాదియో సైన్యంలో చేరినప్పుడు, సేవాకాలంలో వృత్తి లైసెన్సును పునరుద్ధరించుకోవడం ఎలా అన్నది నేటి సమస్య. పౌరజీవనంలో పొందిన అధికారం సైనికసేవలోనూ నిలుస్తుందా అన్నదే అందులోని అసలు ప్రశ్న. ఈ ప్రశ్నకు ప్రాచీన రూపం నందికొండ వద్ద కట్టిన నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిన లోయలో లభించిన శాసనాలలో కనిపిస్తుంది. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ లోయలోనే ఉండేది.

పౌర, సైనిక బిరుదుల కలయిక

వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరానికి చెందిన మహాచైత్య ఆయకస్తంభ శాసనాలు రాజకుటుంబ స్త్రీల దానాలతో పాటు వారి భర్తల పదవులనూ పేర్కొంటాయి. మహారాజు చాంతమూలుని కుమార్తె అడవి చాతిసిరి భర్త, ధనక వంశీయుడైన ఖందవిశాఖన్నకుడు ఒకేసారి మహాసేనాపతి, మహాతలవరుడు, దండనాయకుడు. హిరణ్యక వంశీయుడైన మరొక మహాతలవరుడూ మహాసేనాపతియే. అతని భార్య చుళ చాతిసిరి మహాసేనాపతిని అనిపించుకున్నది. సైన్యాధిపత్యం లభించినా తలవర పదవి పేరు నుండి తొలగలేదని దీనివల్ల స్పష్టమవుతున్నది.

పట్టబంధం, పునరుద్ధరణ

తలవర శబ్దాన్ని పండితులు తెలుగు 'తలారి'తో పోల్చారు. జైన కల్పసూత్రానికి వెలువడిన ఒక వ్యాఖ్య, రాజు ప్రసన్నుడై ప్రసాదించిన పట్టం ధరించినవాడే తలవరుడని వివరిస్తుంది. ఆ వ్యాఖ్య చాలా అర్వాచీనమైనది కనుక 3వ శతాబ్దపు ఆచారానికి అదొక్కటే ప్రమాణం కాజాలదు. అయినా ఈ పదవికి రాజానుమతి మూలమని భావిస్తే, రాజు మారినప్పుడు పట్టం ఏమవుతుందన్న ప్రశ్న తలెత్తుతుంది.

ఇందుకు రెండు శాసనాలు ఉపకరిస్తాయి. ఎహువల చాంతమూలుని 11వ సంవత్సరంలో సర్వదేవాలయాన్ని నిర్మించిన ఏలిశ్రీ తలవరవరుడు; అతని తాత అనిక్కి సేనాపతి. అంటే తాత పదవి యథాతథంగా మనుమనికి సంక్రమించలేదు. అష్టభుజస్వామి ప్రతిష్ఠను తెలిపే ఆభీర వసుసేనుని 30వ సంవత్సరపు శాసనంలో శివసేపుడు మహాగ్రామిక, మహాతలవర, మహాదండనాయక బిరుదులను కలిపి ధరించాడు. శాసనంలోని రాజవంశం వేరైనా పౌర, సైనిక బిరుదుల కలయిక మాత్రం అదే.

ఉపసంహారం

ఇవి దానశాసనాలే గాని నియామక పత్రాలు కావు. అందువల్ల పట్టాన్ని ఏ విధిగా పునరుద్ధరించేవారో వీటి నుండి నిర్ణయించలేము. ఇవి నిరూపించేది ఒక్కటే: విజయపురిలో సైనికసేవ పౌరపదవిని రద్దు చేయలేదు. దానం చేసిన ప్రతిసారీ రెండు హోదాలనూ రాతిపై ప్రకటించడం వల్ల, ఆ పదవికి ప్రజల ఎదుట గుర్తింపు కొనసాగింది.