తీరిక యెవరి సొత్తు?

గడియారమును జూచి పని నిలుపవలెనను నియమము మన సీమకు యంత్రశాలలతో వచ్చినది. 1922 నాటి ఫ్యాక్టరీ చట్టసవరణ దినమునకు 11, వారమునకు 60 గంటలు హద్దుగా నేర్పఱచెను. 1934లో నది 54 గంటలకు దిగినను, పత్తిగింజలు వేఱుచేయు జిన్నింగు మిల్లులవలె ఋతువునుబట్టి నడచు వానికి 60 గంటలే నిలిచెను. 1948 చట్టమున 48 గంటలైనది.

అయితే ఆ మిల్లులకు పత్తి నందించు గుంటూరు, ఒంగోలు ప్రాంతపు నల్లరేగడి చేలకు ఈ చట్టము లేవియు వర్తింపలేదు. పత్తి తీయుట, మిరపకాయలు కోయుట, కల్లమున తాలుకాయ లేఱుట విశేషముగ స్త్రీల పని. ప్రొద్దు గ్రుంకి కూలి ముగిసిన పిమ్మట వారికి ఇంటిపని యారంభము.

తీరిక సోమరితనమునకు గాదు, మనోవికాసమునకు. వేటపాలెమున 1918లోనే సారస్వత నికేతనము వెలసినది. కాని గ్రంథాలయము తలుపు తెఱచియున్న జాలునా? అందడుగిడుటకు దినమున నొక గంట మిగులవలదా? ఫ్యాక్టరీ చట్టము చేని గట్టు దాటలేదు; ఇంటి గడప దాటు చట్టమును మే మాశింపము. ఆ లోపలి పనిని పురుషులు తామై పంచుకొనవలెను. విద్యావంతుల యిండ్లలో నిది మొదలు కానిచో, తీరికనుగూర్చి మనము చెప్పుకొను మాటలు వట్టివని మా యభిప్రాయము.