గేటు మూసింది ఒకరు, బేరం పోయింది ఇంకొకరికి

ఎగుమతి ఆపితే ఏమవుద్దో రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2023 జులైలో బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేశారు, ఏడాది దాటాక గానీ మళ్లీ తెరవలేదు. చిప్‌ల వ్యాపారంలోనూ ఇలాంటి కథ ఒకటి ఉందండి.

1910 నుంచి 1945 దాకా కొరియాని జపాన్ ఏలింది. యుద్ధకాలంలో కొరియా వాళ్లతో బలవంతంగా పని చేయించుకున్న జపాన్ కంపెనీ పరిహారం కట్టాల్సిందేనని 2018 అక్టోబరులో దక్షిణ కొరియా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. జపాన్‌కి మండింది. 2019 జులై 4 నుంచి మూడు సరుకులకి ప్రతి లోడుకీ విడిగా అనుమతి కావాలంది. దేశ భద్రత కోసమని పైకి చెప్పింది. అనుమతికి 90 రోజుల దాకా పట్టొచ్చు.

ఆ మూడిట్లో ఒకటి హైడ్రోజన్ ఫ్లోరైడ్. సిలికాన్ పలకల్ని చెక్కడానికి, కడగడానికి అది లేనిదే శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్‌లకి పని నడవదు. ఆగస్టులో జపాన్ నుంచి కొరియాకి అది ఒక్క కిలో కూడా పోలేదు.

అయినా కొరియా ఫ్యాక్టరీలు ఆగలేదు. వేరే దేశాల సరుకు వెతుక్కున్నారు, సొంత కంపెనీలతో తయారు చేయించుకున్నారు. 2023 మార్చిలో జపాన్ ఆంక్షలు ఎత్తేసింది. పోయిన బేరం మాత్రం మునుపటిలా తిరిగి రాలేదు.

తగువు రెండు ప్రభుత్వాలది. పాత ఖాతాదారుని పోగొట్టుకుంది మాత్రం సరుకు తయారు చేసేవాడు. బియ్యానికి గేటు మూసినప్పుడు నా భయమూ అదే. కొనేవాడు ఇంకో దారి నేర్చుకుంటే మళ్లీ మన కళ్లం దాకా వస్తాడా?