పశువుల నెమ్ము: దోషి ఎవరు?



కామారెడ్డి రైలుదారి మీది ఊరు. ఎల్లారెడ్డి నిజాంసాగరం వైపు ఊరు. ఈ రెండింటి నడుమ పల్లెలలో కొట్టం ముందర నిలబడి మాట కలిపితే, ఇటువంటి గోడు తరచు వినబడుతుంది. "బర్రెను కొనుకొస్తిమి సారూ. వచ్చిన్నాడు మంచిగనే ఉండె. వారం తిరగకముందే ముక్కు కారబట్టె, మేత ముట్టకపాయె, రొప్పుడు వెట్టె." అమ్మినవాడు మోసం చేసినాడని ఒకరంటారు, దిష్టి తగిలిందని ఒకరంటారు, ఊరి నీళ్ళు పడలేదని మరొకరంటారు. పశువుకు పట్టింది నెమ్ము. అనగా ఊపిరితిత్తుల వాపు. ఇది ప్రయాణం చేసి వచ్చిన పశువుకే ఎందుకు ఎక్కువగా పట్టుతుంది? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి శాస్త్రజ్ఞులకు దరిదాపు నూరేండ్లు పట్టింది.

1880 ప్రాంతంలో లూయీ పాశ్చర్ అనే ఫ్రెంచి పండితుడు కోళ్ళ కలరా మీద పనిచేసినాడు. ఆ జబ్బును కలిగించే బాక్టీరియాకు, దాని బంధువర్గానికి తరువాత ఆయన పేరు మీదనే పాశ్చురెల్లా అని పేరు పెట్టినారు. ఆ కాలంలో ఒక్కొక్క జబ్బుకు ఒక్కొక్క సూక్ష్మజీవిని వెదికి పట్టుకొనే ఉత్సాహం ఎక్కువ. దూర ప్రయాణం చేసి నెమ్ముతో చచ్చిన దూడలను కోసి చూస్తే ఊపిరితిత్తులలో పాశ్చురెల్లా జాతి బాక్టీరియాయే కనబడింది. ఇంకేమి, దోషి దొరికినాడనుకున్నారు. ఈ జబ్బుకు రవాణా జ్వరమని పేరు కూడా పెట్టినారు.

కాని ఒక చిక్కు వచ్చింది. అదే బాక్టీరియా ఏ రోగమూ లేని దూడ ముక్కులోనూ ఉన్నది. పోనీ అని దానిని పెంచి మంచి దూడల ముక్కులో వేసి చూస్తే, చాలా దూడలు ఏమీ ఎరగనట్టు మేత మేసినవి. ఇంట్లో కాపురమున్నవాడినే దొంగ అన్నట్టయింది! మరి ఇన్నాళ్ళు ఊరకున్నవాడు ఒక్క రాత్రిలో దొంగగా ఎందుకు మారినాడు?

1950 తరువాత అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో, వేల పశువులను ఒక్కచోట చేర్చి మేపే దొడ్లలో, కొత్త జబ్బు ఒకటి బయటపడింది. ముక్కు లోపల ఎర్రబారి, జ్వరం వచ్చి, పశువు నోటితో ఊపిరి తీసేది. అక్కడి పశుపాలకులు దానిని 'ఎర్రముక్కు' అన్నారు. 1956లో మేడిన్, యార్క్, మెక్కెర్చర్ అనేవారు దాని వైరసును వేరుచేసినారు. అది హెర్పిస్ కుటుంబంలోనిదని తరువాత తేలింది. ఈ జబ్బును ఇప్పుడు పశువైద్యులు ఐ.బి.ఆర్. అంటారు.

అసలు గుట్టు విప్పినది 1978లో కెనడా దేశంలో జెరికో, లాంగ్‌ఫర్డ్ అనేవారు చేసిన పరీక్ష. దూడలకు ముందు ఈ వైరసును గాలితో పీల్పించినారు. కొన్ని రోజులు ఆగి ఆ బాక్టీరియాను పీల్పించినారు. అప్పుడు దూడలకు తీవ్రమైన నెమ్ము పట్టింది. (ఆనాడు పాశ్చురెల్లా హీమోలిటికా అన్న దానికే 1999లో మ్యాన్‌హైమియా అని పేరు మార్చినారు. పేరు మారినా అది చేసే పని మారలేదు.)

ఇది ఎట్లా జరుగుతుందో చూడండి. గాలిగొట్టం లోపలి గోడల మీద కంటికి కనబడని సన్నని నూగు ఉంటుంది. లోనికి వచ్చిన దుమ్మునూ సూక్ష్మజీవులనూ అది ఎప్పటికప్పుడు పైకి ఊడ్చివేస్తూ ఉంటుంది. వైరసు మొదట ఈ నూగు ఉన్న పొరను పాడుచేస్తుంది. ఊపిరితిత్తులలో కాపలా కాసే కణాలను కూడా బలహీనపరుస్తుంది. ఊడ్చేవాడు లేడు, కాపలావాడు పడుకున్నాడు. ముక్కులోని బాక్టీరియా పెరిగి పెరిగి కిందికి దిగుతుంది. అది విడిచే విషం తెల్లకణాలను చంపుతుంది. చచ్చిన కణాలలోనుంచి కారేది ఊపిరితిత్తినే తినివేస్తుంది. అటువంటి పశువును కోసి చూస్తే ఊపిరితిత్తి మెత్తగా ఉండదు, కార్జం వలె గట్టిపడి ఉంటుంది.

మనుషులలోనూ ఇటువంటిది జరిగింది. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో మన దేశంలో కోటిమందికి పైగా పోయినారు. ఆ జబ్బుతో చనిపోయినవారిలో ఎక్కువమందిని కడతేర్చినది వైరసు వెనుక వచ్చిన బాక్టీరియా నెమ్మేనని తరువాతి పరిశీలనలు చెప్పుతున్నవి.

హెర్పిస్ కుటుంబానికి మరొక గుణమున్నది. పిల్లలకు ఆటలమ్మ పోస్తుంది, తగ్గిపోతుంది. కాని ఆ వైరసు నరాలలో దాగి, ముసలితనంలో సర్పిగా పైకి వస్తుంది. అదీ ఈ కుటుంబంలోనిదే. పశువుల వైరసు మనుషులకు అంటదు గాని, గుణం మాత్రం అదే. ఒకసారి సోకిన పశువు చూపుకు ఆరోగ్యంగా ఉంటూనే దానిని నరాలలో జీవితాంతం మోస్తుంది. లారీ ప్రయాణం, ఆకలి, ఈత బాధ, చలి వంటి కష్టం కలిగినప్పుడు వైరసు మేలుకొని ముక్కు నీటిలో బయటికి వస్తుంది. స్టెరాయిడు సూదులు కూడా దానిని మేల్కొలపగలవు. గనుక వైద్యుని మాట లేకుండా ఆ సూదులు వేయించరాదు.

మన దేశంలో ఈ జబ్బును మొదట 1976లో ఉత్తర ప్రదేశ్‌లో సంకర దూడలలో గుర్తించినారు. మన తాతల నాటి ఎద్దులు చాలామట్టుకు ఊళ్ళోనే పుట్టి పెరిగినవి, లేదా అంగడి నుంచి నడిచి వచ్చినవి. 1970లో పాల వెల్లువ పథకం మొదలైన తరువాత సంకర ఆవులు పెరిగినవి. హర్యానా ముర్రా బర్రెలు వందల మైళ్ళు లారీలలో వస్తున్నవి. పాలు పెరిగినవి, కాదనను. కాని ఎక్కడెక్కడి పశువుల ఊపిరో ఒక్క లారీలో కలుస్తున్నది.

ఇక చేయవలసిన పని. కొత్త పశువును వచ్చిన నాడే మందలో కట్టవద్దు. మూడు నాలుగు వారాలు వేరే పాకలో, వేరే బకెట్టుతో, వేరే కుడితితొట్టితో ఉంచవలెను. మందలోని పశువుల పని చూసిన తరువాతనే దాని దగ్గరకు పోవలెను. ముక్కు కారినా, జ్వరం వచ్చినా వెంటనే పశువైద్యుని పిలువవలెను. ఆయన ఇచ్చే యాంటీబయాటిక్ బాక్టీరియాను చంపుతుంది గాని వైరసును కాదు. అయినా ప్రాణం తీసేది ఎక్కువగా ఆ బాక్టీరియాయే గనుక మందు తొందరగా పడవలెను, చెప్పినన్ని రోజులు పడవలెను. రొప్పుతున్న పశువుకు గొట్టంతో బలవంతాన మందు పోయకండి. అది ఊపిరితిత్తులలోకి పోతే మరొక నెమ్ము మనమే తెచ్చిపెట్టినట్టు.

ఒక్క హెచ్చరిక. గొంతు వాచి, గురక పెట్టి, ఒకటి రెండు రోజులలోనే బర్రెను పడగొట్టే గురకరోగం దీనితో ఒకటి కాదు. అదీ పాశ్చురెల్లా పనే గాని, దానికి ముందు వైరసు రానక్కరలేదు. దానికి టీకా ఉన్నది. వానలు పడకముందే వేయించవలెను.