మౌలాలి గుట్ట, మలీద ముద్ద

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శిగారు కోరారు. నాచారంలో మా మేడమీద నుంచి కనిపించే మౌలాలి గుట్ట గురించి నాలుగు మాటలు రాస్తాను.

చిన్నప్పుడు నాకు జబ్బు చేస్తే మా అమ్మ ఆ గుట్టకు మొక్కుకున్నదట. అప్పటి నుంచి ఏటా ఆ మెట్లన్నీ ఎక్కేది. ఇంటికి వచ్చి తులసికోట దగ్గర దీపం పెట్టేది. మొన్న మా మనవడు, "తాతా, అది మన దేవుడు కాదు గదా, మీ అమ్మ ఎందుకు వెళ్లేది?" అన్నాడు. వెంటనే జవాబు తోచలేదు.

ఇలాంటి కలయికను సింక్రెటిజం అంటారు. మూలం గ్రీకు మాట. క్రీటు ద్వీపవాసులు తమలో తాము కలహించుకుంటూనే, బయటి శత్రువు వస్తే ఒక్కటయ్యేవారని, ఆ ఐక్యతకే ఈ పేరని ప్లూటార్క్ రాశాడు. మన సర్వసభ్య సమావేశాలు చూసినవారికి ఇంకా వివరించనక్కరలేదు! వ్యాకరణంలో దీని అర్థం, వేర్వేరు పనులకు ఒకే రూపం రావడం. 'ఆమె వచ్చింది', 'బస్సు వచ్చింది': స్త్రీకీ వస్తువుకూ క్రియ ఒక్కటే. మతంలోనైతే వేర్వేరు విశ్వాసాల ఆచారాలు కలవడం.

మన పేటలోనే రెండూ ఉన్నాయి. మౌలా అంటే ప్రభువు, అలీ ప్రవక్తగారి అల్లుడు. అరబ్బీ మాటలు రెండింటికీ మన నోట సవర్ణదీర్ఘసంధి జరిగి 'మౌలాలి' అయింది, పక్కన తెలుగు 'గుట్ట' చేరింది. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1578లో, యాఖూత్ అనే అంతఃపుర సేవకుడికి కలలో అలీ ఈ గుట్టమీద కనిపించాడని కథ. ఆ ఇబ్రహీంకే అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానము' అంకితమిచ్చాడు. ఉప్పల్ కలాన్‌లో 'కలాన్' అంటే పారసీలో పెద్దది. మన పెన్షన్ కాగితాల్లోంచి అర్జీ, బకాయి, మంజూరు, దాఖలు తీసేస్తే మిగిలేది మన పేరే.

సద్దుల బతుకమ్మ నాడు మన ఆడవాళ్లు పంచే మలీద కూడా పారసీ మాటే. పీర్లకు పెట్టేదీ ఆ మలీదే. పీరయ్య, హుస్సేనమ్మ అని పేర్లు పెట్టుకున్న హిందువులు మన ఊళ్లలో ఎందరో.

అలాగని మతాలు ఒక్కటైపోయాయని కాదు. 680లో కర్బలాలో ఇమాం హుస్సేన్ అమరుడైనందుకు షియాలకు మొహర్రం దుఃఖ మాసం. మా ఊళ్లో మాత్రం అది డప్పుల మోతతో అలావా చుట్టూ ఆడే పీర్ల పండుగ. అర్థాలు వేరైనా ఆ రాత్రి అందరం ఒకచోట నిలబడేవాళ్లం. మా అమ్మ మతం మార్చుకోలేదు, ఎవరినీ మార్చుకోమనలేదు. బిడ్డ బతకాలనుకున్నది, అంతే.

మనవడికి ఇదే చెప్పి గుట్టకు తీసుకెళ్లాను. సగం మెట్ల దగ్గర మోకాళ్లు మొరాయించి కూర్చున్నాను. వాడు పైదాకా వెళ్లి వచ్చాడు.

"ఏమైనా మొక్కుకున్నావా?" అని అడిగాను.

"నీ మోకాళ్ల గురించి" అన్నాడు.