స్లీప్ ఆప్నియా – సీప్యాప్ చికిత్స

నిద్రలో గొంతు వెనుక కండరాలు సడలి, ఊపిరి దారి మూసుకుపోయి, శ్వాస కనీసం 10 సెకన్ల చొప్పున పదేపదే ఆగిపోయే జబ్బు. పెద్ద గురక, పగటి కునుకుపాట్లు, పొద్దున్నే తలనొప్పి దీని గుర్తులు. గురక పెడితే ఒళ్లెరగని నిద్ర అని మురిసిపోవడం మన ఇళ్లలో పాత అలవాటే. నిద్ర పరీక్షలో గంటకు 30 ఆటంకాలు దాటితే తీవ్రమైనదిగా లెక్క. 'సింహాసనం' (1986), 'గ్యాంగ్ లీడర్' (1991) చిత్రాల సంగీత దర్శకుడు బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో మరణించినప్పుడు వైద్యులు దీన్నే కారణంగా చెప్పారు.

సిడ్నీ వైద్యుడు కొలిన్ సలివన్ బృందం 1981లో వెల్లడించిన సీప్యాప్ యంత్రం, మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి ఊపిరి దారిని తెరిచి ఉంచుతుంది. జబ్బును నయం చేయదు. పెట్టుకున్నంతసేపే దాని పని. మొదటి వారాలే కష్టం: మాస్కు పక్కల నుంచి గాలి పోవడం, నోరెండటం, ఊపిరాడనట్టు కంగారు. పగలు టీవీ చూస్తూ కాసేపు తొడుక్కుంటే అలవాటవుతుంది. కంకిపాడు వంటి కృష్ణా డెల్టా ఊళ్ల ఉక్కపోతలో చెమటకు మాస్కు జారుతుంది, రోజూ కడగాలి. గాలికి తేమనిచ్చే తొట్టిలో బోరునీళ్లు పోస్తే ఉప్పు పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటరే పోయాలి. కరెంటు పోతే యంత్రమూ ఆగుతుంది గనుక ఇన్వర్టర్ ఉండటం మేలు.