ఒకే ఇంటికి మూడు గడువులు.. కొనుగోలుదారుకు ఏది ఆధారం?

అపార్టుమెంటులో ఫ్లాటు బుక్ చేసుకున్న కుటుంబంపై రెండు భారాలు ఒకేసారి పడతాయి. ఒకవైపు ఉంటున్న ఇంటి అద్దె, మరోవైపు బ్యాంకు రుణ వాయిదా. నిర్మాణం ఏడాది ఆలస్యమైతే ఆ రెండింటినీ మరో ఏడాది మోయవలసిందే. అందువల్ల గృహ నిర్మాణ అనుమతులకు ఉన్న కాలపరిమితి కొనుగోలుదారు తప్పక తెలుసుకోవలసిన అంశం.

ఒకే భవనానికి మూడు గడువులుంటాయి. పురపాలక సంఘమో పట్టణాభివృద్ధి సంస్థో ఇచ్చే ప్లాను మంజూరుది మొదటిది. ఆ అనుమతి శాశ్వతం కాదు. రెండవది రెరా నమోదు గడువు. మూడవది విక్రయ ఒప్పందంలో రాసిన అప్పగింత తేదీ. పలువురు ప్లాను మంజూరైందన్న మాటతోనే ధైర్యపడి మిగిలిన రెండింటినీ చూడరు.

నిర్మాణదారు చెప్పిందే గడువు

2016 నాటి స్థిరాస్తి (నియంత్రణ, అభివృద్ధి) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు మించిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ చేపట్టే ప్రాజెక్టును నమోదు చేయించాకే అమ్మాలి. తెలంగాణలో 2017 జనవరి 1 తర్వాత అనుమతి పొందిన ప్రాజెక్టులకు వర్తించేలా నిబంధనలు వచ్చాయి. ఎప్పటికి పూర్తి చేస్తారో ప్రమోటరే ఫారం-బిలో ప్రమాణపూర్వకంగా ప్రకటించాలి. నమోదు ఆ కాలానికే చెల్లుతుంది. తేదీని ఎంచుకునేది నిర్మాణదారే కనుక కాస్త దూరంగా రాసుకునే వెసులుబాటూ ఆయనదే.

పొడిగింపు సులభం కాదు. యుద్ధం, వరద, కరవు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం వంటి విపత్తులు అడ్డువస్తే ఆరో సెక్షన్ కింద దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రమోటరు తప్పు లేని ఇతర సందర్భాల్లో కారణాలను రాతపూర్వకంగా నమోదు చేసి, మొత్తం మీద ఏడాదికి మించకుండా అథారిటీ గడువు పెంచవచ్చు. నిధుల కొరత విపత్తుల జాబితాలో లేదు. కరోనాను మాత్రం విపత్తుగా పరిగణించి, 2020 మార్చి 25న గానీ ఆ తర్వాత గానీ గడువు ముగిసే ప్రాజెక్టులకు దరఖాస్తు లేకుండానే ఆరు నెలలు పెంచాలని కేంద్రం ఆ ఏడాది మే నెలలో రాష్ట్రాలకు సూచించింది.

ఒప్పందంలోని తేదీయే కీలకం

రెరా వద్ద కొత్త తేదీ రాయించుకున్నంత మాత్రాన ఒప్పందంలోని పాత తేదీ చెరిగిపోదు. నీలకమల్ రియల్టర్స్ కేసులో 2017 డిసెంబరులో బొంబాయి హైకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది. ఆలస్యాన్ని లెక్కించవలసింది ఒప్పంద తేదీ నుంచే. అనుకున్న సమయానికి ఇల్లు అందకపోతే డబ్బు వెనక్కు కోరడం కొనుగోలుదారుకు షరతుల్లేని హక్కు అని న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో 2021 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇల్లే కావాలనుకునేవారికి అప్పగించేవరకు నెలనెలా వడ్డీ రావాలి. స్టేట్ బ్యాంకు అత్యధిక ఎంసీఎల్ఆర్‌కు రెండు శాతం కలిపి ఈ వడ్డీ కడతారు.

ఇంతటి హక్కు ఒప్పంద పత్రంపైనే ఆధారపడి ఉంది. అందులో అప్పగింత తేదీ ఉండి తీరాలని, ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోరాదని 13వ సెక్షన్ చెబుతోంది. రసీదు మీదనే లక్షలు కట్టినవారు వివాదం వచ్చినప్పుడు ఏ తేదీని చూపాలో తెలియక చిక్కుల్లో పడుతున్నారు.

నమోదు గడువు ముగిసిపోతే ప్రాజెక్టు గాలికి పోనవసరం లేదు. ప్రభుత్వంతో సంప్రదించి మిగిలిన పనిని అధీకృత సంస్థకో కొనుగోలుదారుల సంఘానికో అప్పగించే అధికారాన్ని ఎనిమిదో సెక్షన్ అథారిటీకి ఇచ్చింది. నమోదును రద్దు చేసిన సందర్భంలో తొలి అవకాశం సంఘానిదే. ఫ్లాట్లు కొన్నవారు ముందుగానే సంఘంగా ఏర్పడి ఉంటే ఈ సెక్షన్ అక్కరకు వస్తుంది.