ఏం చూస్తున్నావు వదినా?

పూర్వం ఆడవాళ్లం ఇద్దరం ఎదురుపడితే మొదటి ప్రశ్న "ఇవాళేం కూర?" అని. మా దమ్మపేటలో ఇప్పుడా ప్రశ్న కాస్త మారింది. "ఏం చూస్తున్నావు వదినా?" అంటున్నారు. పామాయిల్ తోట మధ్యనున్న ఇల్లయినా సరే, రోడ్డు పక్క డాబా అయినా సరే, మధ్యాహ్నం అంట్లు కడిగి చేతులు తుడుచుకున్నాక ఫోను తీయవలసిందే. ఫలానా యూట్యూబ్ చానెల్ చూడమని ఒకరికొకరు చెప్పుకోవటం, కొత్త ఆవకాయ గిన్నెలో పెట్టి పంపుకున్నంత మామూలైపోయింది.

దీన్ని ఉత్త కాలక్షేపమని మగవాళ్లు కొట్టిపారేస్తుంటారు. నేనలా అనుకోను. ఏది వినాలో, ఏది చూడాలో మనమే ఎంచుకోవటమన్నది మనకు చాలా ఆలస్యంగా దక్కిన భాగ్యం. దాని వెనక పెద్ద కథే ఉంది.

విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ రోజుల్లో ఇంట్లో రేడియో పెట్టుకోవాలంటే లైసెన్సు ఉండాలి. ఏటా పోస్టాఫీసుకెళ్లి డబ్బు కట్టి రావాలి. అంత విలువైన వస్తువును ఆడవాళ్లనీ పిల్లలనీ ముట్టుకోనిస్తారా? వార్తల వేళ అయ్యగారి చెయ్యి, క్రికెట్ వేళ అబ్బాయిగారి చెయ్యి దాని మీద ఉండేవి. స్త్రీల కార్యక్రమం ఉండేది, కాదనను. అది స్టేషను వారు పెట్టిన వేళకే వచ్చేది. ఆ వేళకు మనం పొయ్యి దగ్గర ఉంటే మన ప్రాప్తం అంతే! సినిమా పాటలు కావాలంటే సముద్రం అవతల సిలోనే గతి. అక్కడినుంచి మీనాక్షి పొన్నుదురై గారు తెలుగులో పలకరిస్తుంటే, మన సొంత అక్కయ్యే ఏదో దేశంలో కాపురముంటూ పలకరించినట్టుండేది.

1977లో హైదరాబాదు దూరదర్శన్ వచ్చింది. 1989లో మాకు దగ్గరగా కొత్తగూడెంలోనే ఆకాశవాణి కేంద్రం వెలిసింది. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. వడ్డన పెరిగిందే కానీ వంట మాత్రం వాళ్లదే. విస్తట్లో ఏది పడితే అదే తినాలి.

2005 ఏప్రిల్ 23న అమెరికాలో జావేద్ కరీం అనే యువకుడు జంతు ప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలబడి నాలుగు ముక్కలు మాట్లాడి, ఆ బొమ్మను యూట్యూబ్‌లో పెట్టాడు. పందొమ్మిది సెకన్లే. యూట్యూబ్‌లో మొట్టమొదటి వీడియో అదే. మా అడవి అంచుకు ఆ సౌకర్యం నిజంగా చేరటానికి ఇంకో పదకొండేళ్లు పట్టింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి ఇంటర్నెట్టును చవక చేసింది. అదే దసరాకు, అక్టోబరు 11న, మేము ఖమ్మం జిల్లాలోంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి మారాం. జిల్లా మారినా చిరునామాలో నాలుగక్షరాలే మారాయి. ఫోను మారాక మధ్యాహ్నాలన్నీ మారిపోయాయి.

ఇహ నా చిట్టా విప్పుతాను. వంటతో మొదలుపెడితేనే మీరు నమ్ముతారు కదా!

కొలతలూ మెళకువలూ సరిగ్గా తెలియాలంటే సంజయ్ తుమ్మగారి వాహ్ చెఫ్ చూడండి. పెద్ద హోటళ్లలో పనిచేసిన మనిషి 2007లోనే, చాలామంది కళ్లు తెరవకముందే, ఈ దారి పట్టాడు. కొలతలు లేని వంట చూడాలంటే కంట్రీ ఫుడ్స్‌లో మస్తానమ్మగారిని చూడాలి. నూరేళ్లు దాటిన మనిషి, నేలమీద కూర్చుని, మూడు రాళ్ల పొయ్యి మీద, పుచ్చకాయలో కోడికూర వండితే ప్రపంచమంతా చూసింది. 2018 డిసెంబరులో ఆమె పోయింది. ఆ బొమ్మలు ఉన్నాయి. నారాయణరెడ్డి తాతగారి గ్రాండ్‌పా కిచెన్ ఇంకో రకం. గంగాళాలతో వండి అనాథ పిల్లలకు పెట్టేవాడు. ఆయనా 2019 అక్టోబరులో వెళ్లిపోయాడు. వండటం చూసి నోరూరుతుంది, పిల్లలు తినటం చూసి కడుపు నిండుతుంది.

నవ్వుకోవాలంటే మై విలేజ్ షో. జగిత్యాల వైపు లంబాడిపల్లిలో శ్రీకాంత్ శ్రీరాం 2012లో మొదలుపెట్టాడు. దానికి ప్రాణం పోసింది ఆయన అత్తగారు గంగవ్వ. అల్లుడు అత్తను నటించమనటం, ఆ అత్త అల్లుడికి పేరు తేవటం మన సీరియళ్లలో ఎన్నడైనా చూశామా? గంగవ్వ కూలికి వెళ్లిన మనిషి, బీడీలు చుట్టిన మనిషి. చదువు రాదు. మాట విని పట్టుకుని, తన యాసలోనే తిరిగి చెప్పేస్తుంది. ఆమెను చూసినప్పుడల్లా నాకు మా ఊరి చుట్టుపక్కల ఎండాకాలంలో తునికాకు కోసే ఆడవాళ్లు గుర్తొస్తారు. తెల్లవారకముందే అడవికెళ్లి, ఆకు తెచ్చి, యాభై ఆకులకో కట్ట కట్టి కల్లానికి మోస్తారు. ఆ ఆకులోనే కదా బీడీ చుట్టేది! ఆకు కోసే చెయ్యి ఇక్కడ, చుట్టే చెయ్యి అక్కడ. ఇన్నేళ్లూ ఈ రెండు చేతులూ ఎవరి కంటా పడలేదు.

పోటీ పరీక్షలకు చదివే పిల్లలుంటే టీ-శాట్ చూపించండి. తెలంగాణ ప్రభుత్వం నడుపుతున్నది, కోచింగు ఫీజు కట్టలేని ఇంటికి పెద్ద ఆసరా. భక్తి కావాలంటే చాగంటి వారి ప్రవచనాలు. కందిపప్పు ఏరుకుంటూ వినొచ్చు, పాపం రాదు. ఒక్కటి మాత్రం నేనెవరికీ చెప్పను: షుగరుకూ, మోకాళ్ల నొప్పులకూ కషాయాలు చెప్పే చానెళ్లు. ఆ పనికి డాక్టరున్నారు.

ఇంత ఎందుకు చెబుతున్నానంటే, మనం చెప్పుకోకపోయినా చెప్పేవాడు ఒకడున్నాడు. ఒక వీడియో అయిపోగానే యంత్రమే ఇంకొకటి మన ముందుకు తోస్తుంది. 2012 నుంచి దాని లెక్కలో ముఖ్యమైనది మనం ఎన్నిసార్లు నొక్కామన్నది కాదు, ఎంతసేపు చూశామన్నది. అందుకే కొట్లాటలూ, వింతలూ, ఏడుపులూ ముందుకొస్తాయి. మస్తానమ్మగారి ఓపిక వెనక్కు పోతుంది. చానెల్ పెట్టినవాళ్లకు ప్రకటనల డబ్బు వచ్చేదీ మన చూపు వల్లనే. అంటే మన చూపే వాళ్ల కూలి. ఒకనాడు రేడియో మరను అబ్బాయిగారు తిప్పారు. ఇవాళ దాన్ని యంత్రం తిప్పుతానంటోంది. పక్కింటి వదిన చెప్పిన మాటకు మాత్రం మనల్ని కట్టిపడేయాలన్న ఆశ లేదు. తనకు నచ్చింది గనక చెప్పింది, అంతే.

నా చిట్టాలో ఒక ఖాళీ ఉంది. మా చుట్టూ కోయ గూడేలున్నాయి. అడవి దుంపల్లో ఏది తినవచ్చో, ఏది వాగులో నానబెట్టి చేదు పోగొట్టాకే వండాలో, ఇప్పపువ్వును ఎలా ఎండబెట్టి దాచాలో చెప్పగల ముసలమ్మలు అక్కడున్నారు. ఆ చదువు ఏ వంటల పుస్తకంలోనూ అచ్చుకాలేదు. ఒక్కో ముసలమ్మతో పాటు ఒక్కో పుస్తకం కాలిపోతోంది. వాళ్ల దగ్గర ఫోను లేకపోవచ్చు, మనవల దగ్గర ఉంది. అడిగి, ఆమె సరేనంటే, ఆమె మాటలు కోయ భాషలోనే ఉండనిచ్చి తీయాలి. ఆ పని చేసిన పిల్ల ఎవరైనా ఉంటే నాకు కబురు చెయ్యండి. మా వీధిలో అందరికీ చెప్పే పూచీ నాది.